తిరుపతి పాత వీధిలో బాగుచేసిన మిద్దె ఇల్లు: కొనేవాళ్లు చూడాల్సినవి

గోవిందరాజస్వామి గుడి దగ్గరి వీధిలో అమ్మకానికి పెట్టిన ఈ మద్రాసు మిద్దె స్వాతంత్ర్యానికి ముందు కట్టింది. దీని సొత్తంతా పైకప్పే: టేకు దూలాలు, వాటిమీద ఐమూలగా నిలబెట్టి సున్నంతో పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన సున్నం కాంక్రీటు. దూలాలకు రంగు పూయకుండా వార్నిష్‌తో వదిలారు, చాలా మంచి పని. అయితే గోడలోకి దిగిన దూలం కొసల్ని తప్పకుండా చూడండి. చెమ్మ, చెద ముందు పట్టేది అక్కడే. స్క్రూడ్రైవరుతో గుచ్చితే మెత్తగా దిగకూడదు.

అసలు పొరపాటు గోడలకు సిమెంటు పూత వేయడం. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని ఆపేస్తుంది. అందుకే కింద రెండు మూడడుగుల మేర ఉప్పు తేలి పుట్టీ పెచ్చులూడుతోంది. అంతమేర చెక్కించి మళ్లీ సున్నమే పూయించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

బాత్రూములు బాగున్నాయి. మిద్దెమీద వాలు సరిపోయింది, నీళ్లు నిలవడం లేదు. కారు మాత్రం సందులోకి రాదు.

ధర అంకణాల్లో చెప్తారు. ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు. చుట్టూ గుడి, మఠం స్థలాలున్న చోటు కాబట్టి ఈసీ (ఆస్తిమీద తాకట్లు, పాత లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), వాటితోపాటు 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల పట్టిక) కూడా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.