పొట్టంగి కొండదారుల్లో 86,000 కిలోమీటర్లు: పికప్ సస్పెన్షన్ మార్పు, రోల్‌కేజ్ ఆలోచన

కొరాపుట్ జిల్లాలో సెమిలిగుడకూ పొట్టంగికీ నడుమ, 26వ జాతీయ రహదారి నుంచి పక్కకు తిరిగి పదకొండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే మా కాఫీ తోట వస్తుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్ల కొండ, తోట పైగట్టు మీద నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది. ఆ పదకొండు కిలోమీటర్లలో నాలుగు తారు రోడ్డు, మిగతాది ఎర్రమట్టి, రాళ్లు, రెండు గెడ్డలు (వాగులు). 2017లో కొన్న ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ పికప్ ఇప్పటికి 1,27,000 కిలోమీటర్లు తిరిగింది. అందులో చివరి 86,000 మార్చిన సస్పెన్షన్ మీద తిరిగినవి. ఈ సమీక్ష ఆ మార్పు గురించీ, మూడేళ్లు నా మనసులో నలిగిన రోల్‌కేజ్ (బండి పల్టీ కొడితే లోపలివారిని కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) ప్రశ్న గురించీ.

ముందుగా బండికి అన్యాయం జరగకుండా ఒక మాట చెప్పాలి. దీనికి ముందు భాగంలో డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా పట్టి ఉంచే జంట చేతులు), కాయిల్ స్ప్రింగులతో స్వతంత్ర సస్పెన్షన్, వెనుక కమాను కట్టల (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు ఆకుల స్ప్రింగుల) మీద నిలిచే ఇరుసు ఉంటాయి. కుటుంబంతో విశాఖపట్నం వెళ్లి వచ్చినన్నాళ్లూ ఆ అమరికలో నాకు ఏ లోటూ కనిపించలేదు. బండిని ఎరువు బస్తాలకూ, నీటి గొట్టాలకూ, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ గింజలు దింపడానికీ వాడడం మొదలుపెట్టాక, దాదాపు రోజూ బరువుతో, మొదటి రెండు గేర్లలో, గుంతల్లో నడిపే పనికి వేరే అమరిక అవసరమైంది. మారింది నా పని. బండిలో లోపమేమీ లేదు.

నా మొదటి ప్రయత్నం తప్పుడు ప్రయత్నం. 2018లో ఒక వర్క్‌షాపులో ముందు స్ప్రింగుల పైన స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు), వెనుక ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించి బండిని రెండంగుళాలు లేపించాను. చూడటానికి బండి హుందాగా ఉండేది. కానీ స్పేసర్ చక్రానికి కొత్తగా కదలికను ఇవ్వదు. ఉన్న కదలికలోనే చక్రం కిందికి జారే భాగాన్ని తినేస్తుంది. అందువల్ల గుంతలోకి దిగిన ప్రతిసారీ ముందు షాకబ్జర్ పూర్తిగా సాగి చివర్లో టక్కున కొట్టుకునేది. చక్రాలకు శక్తినిచ్చే సీవీ జాయింట్లు అంతకు ముందుకన్నా ఎక్కువ కోణంలో తిరగవలసి రావడంతో తొమ్మిది నెలలకే ఎడమ వైపు రబ్బరు బూటు చిరిగి, లోపలి గ్రీజు అంతా బయటికొచ్చింది. స్టీరింగు కూడా వదులుగా, నిలకడ లేకుండా తయారైంది. ఎత్తు పెంచాక అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు ముందువెనుకలకు వాలిన కోణం) సరిచేయకపోతే అలాగే అవుతుందని నాకు ఆ తరువాత తెలిసింది. స్పేసర్లు తీయించేశాను.

2019 అక్టోబరులో, 41,000 కిలోమీటర్ల దగ్గర, పూర్తి కిట్ వేయించాను: నాలుగు కొత్త షాకబ్జర్లు, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనుక కొత్త కమాను కట్టలు, బుష్‌లు (కీళ్లలోని తొడుగులు), షాకిళ్లు (కమాను చివరను బండి చట్రానికి కలిపే లింకులు), యూ బోల్టులు (కమానును ఇరుసుకు బిగించేవి). ఎత్తు 40 మిల్లీమీటర్లకు మించకూడదని ముందే నిర్ణయించుకున్నాను. అంతకన్నా పెంచితే పై విష్‌బోన్‌ను కూడా మార్చాల్సి రావచ్చు, సీవీ జాయింట్ల మీద మళ్లీ పాత భారమే పడుతుంది. స్ప్రింగు ఎంపికలో నేను నేర్చుకున్న పాఠం ఇది: ఎప్పుడో ఒకసారి వేసే గరిష్ఠ బరువును చూసి కాక, బండి మీద నిత్యం ఉండే బరువును చూసి స్ప్రింగు ఎంచుకోవాలి. ముందు వైపు బరువైన ఇనుప బంపరు ఏదీ నాకు లేదు. అలాంటి బంపర్లు, అంటే బుల్‌బార్లు, చట్టవిరుద్ధమనీ, వాటిపై చర్యలు తీసుకోవాలనీ కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి ముందు మామూలు బలమున్న స్ప్రింగులే చాలన్నాను. వెనుక మాత్రం ఎప్పుడూ పనిముట్ల పెట్టె, చిన్న పంపుసెట్టు, తాళ్లు ఉంటాయి గనుక 200 కిలోల స్థిర బరువుకు సరిపడే కట్ట తీసుకున్నాను. స్ప్రింగు మార్చినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన మోత సామర్థ్యం పెరగదు. ఇరుసు, బ్రేకులు, ఛాసిస్ (బండి అడుగు చట్రం) పాతవే కదా.

వెనుక పని సాలూరులో చేయించాను. లారీల ఊరు కావడంతో అక్కడ కమాను పని తెలిసిన చేతులకు కొదవ లేదు. నేను పాత యూ బోల్టులనే వాడమంటే, అరవై దాటిన మేస్త్రి, "బాబుగారూ, ఒకసారి బిగించి సాగిన బోల్టు మళ్లీ ఆ పట్టు పట్టదండి, కొత్తవే వేద్దాం" అన్నాడు. ఆయన అన్నది నిజం. కొత్త బోల్టులు కూడా 500 కిలోమీటర్లకు ఒకసారి, 1,000కి మరోసారి బిగించినప్పుడు దాదాపు పావు చుట్టు తిరిగాయి. ఆ రెండు బిగింపులూ మరిచిపోతే ఇరుసు స్థానం నుంచి జరిగి, కట్టను పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగే ప్రమాదం ఉంది. పనిలో పనిగా చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు లాగినట్టు బిగుసుకోవడం లేదని చూసుకుని, హెడ్‌లైట్ల కోణం దించి, అలైన్‌మెంట్ చేయించి ఇంటికొచ్చాను.

ఫలితం గురించి సూటిగా చెప్తాను. బరువుతో ఉన్నప్పుడు బండి తీరే మారిపోయింది. సుంకి ఘాట్‌లో మలుపుల దగ్గర వెనుక భాగం ఒరగడం సగానికి తగ్గింది. మట్టిదారిలో చీర కుచ్చెళ్లలా అడ్డంగా పడే గీతల మీద పాత షాకబ్జర్లు అరగంటలో వేడెక్కి, లోపలి నూనె నురగ కట్టి, పట్టు వదిలేవి. కొత్తవాటిలో నూనె ఎక్కువ, గొట్టం లావు, అందువల్ల వేడిని ఎక్కువసేపు తట్టుకుంటాయి. ఖాళీ బండితో మాత్రం వెనుక గట్టిగా ఎగరేస్తుంది. మా అమ్మ వెనుక సీటులో కూర్చుంటే పార్వతీపురం చేరేసరికి నడుము నొప్పి అంటుంది. అది నేను ఎంచుకున్న కట్ట స్వభావం. ఖాళీగా తిరిగేవారు నాలాంటి కట్ట తీసుకోవద్దు. ముందు షాకబ్జర్లను 58,000 కిలోమీటర్ల వాడకం తరువాత మార్చాను. కమాను బుష్‌లకు ప్రతి వర్షాకాలం ముందూ, తరువాతా గ్రీజు పెడతాను. పెట్టకపోతే కిర్రుమంటాయి.

ఇక రోల్‌కేజ్ సంగతి. 2021 ఆగస్టులో, ఎరువు బస్తాలు క్యాబిన్ పైకప్పు ఎత్తు దాకా పేర్చుకుని తోటకు ఎక్కుతుండగా, రెండో గెడ్డ దాటిన వెంటనే ఎడమ అంచు కింద మట్టి జారింది. బండి మెల్లగా పక్కకు ఒరిగి గట్టుకు ఆనుకుని ఆగింది. గట్టు లేకపోతే కింద ఇరవై అడుగుల లోతు. నా పక్కన తోట పని చూసే కుర్రాడున్నాడు. ఇద్దరమూ బెల్టు పెట్టుకున్నాము, గీత కూడా పడలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారగానే కేజ్ కట్టించాలని అనుకున్నాను.

ఒక ఫ్యాబ్రికేషన్ షాపు వాళ్లు రెండు రోజుల్లో చేసిస్తామన్నారు. చూపించిన గొట్టం గేట్లకూ గ్రిల్లులకూ వాడేది, అతుకు ఉన్నది. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిబంధనల్లో, అపెండిక్స్ జే 253వ అధికరణంలో, సీట్ల వెనుక నిలిచే ప్రధాన వలయానికి అతుకు లేని కార్బన్ ఉక్కు గొట్టం అడుగుతారు. 45 మిల్లీమీటర్ల వ్యాసానికి 2.5 మందం, లేదా 50కి 2. గొట్టం కాలు కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల విస్తీర్ణం ఉన్న పలక ఉండాలి, లేకపోతే పల్టీలో గొట్టం నేల రేకును చీల్చుకుని దిగిపోతుంది. పికప్‌లో మరో చిక్కు ఉంది. క్యాబిన్ రబ్బరు మౌంట్ల మీద ఛాసిస్‌తో సంబంధం లేకుండా కొద్దిగా కదులుతుంటుంది. కేజ్‌ను ఒక చోట క్యాబిన్‌కూ మరో చోట ఛాసిస్‌కూ బిగిస్తే ఆ కదలిక అంతా వెల్డింగుల మీద పడి, అవి పగులుతాయి.

అన్నిటికన్నా నన్ను ఆపింది తల. పోటీల్లో కేజ్‌తో పాటు హెల్మెట్, అనేక పట్టీల బెల్టు, కదలని సీటు ఉంటాయి. నిత్యం తిరిగే బండిలో హెల్మెట్ లేని తలకు నాలుగంగుళాల దూరంలో ఉక్కు గొట్టం ఉంటే, పల్టీ దాకా పోనక్కరలేదు, మామూలు గుద్దుడులోనే పుర్రెకు అది శత్రువు. మెత్తటి తొడుగు కొంతే కాపాడుతుంది. పైగా ఆ యాభై కిలోల ఇనుములో ఎక్కువ భాగం బండి పైభాగంలోనే చేరుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా తయారీదారు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోవు. సస్పెన్షన్ మార్చినప్పుడే నేను బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాను. ఇలాంటి మార్పు చేయించాలనుకునేవారు రవాణా కార్యాలయాన్నీ బీమావారినీ ముందే అడగాలి. వెనుక తొట్టిలో మెరిసే స్టీలు బార్‌ను చూసి కేజ్ ఉందనుకునేవారు చాలామంది ఉన్నారు. తొట్టి రేకుకు నాలుగు బోల్టులతో బిగించిన పల్చటి గొట్టం బండి బరువును మోయలేదు.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. కుడి ఎడమ చక్రాల మధ్య వెడల్పును గురుత్వకేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే బండి అంత సులువుగా పడదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ పల్టీ ప్రమాదాన్ని అంచనా వేయడానికి దీన్నే వాడుతుంది. ఉదాహరణకు వెడల్పు 1,560, ఎత్తు 700 మిల్లీమీటర్లు అనుకుంటే 1.11 వస్తుంది. సస్పెన్షన్ వల్ల కేంద్రం పూర్తిగా 40 పెరిగిందనే అనుకుందాం, 1.05 అవుతుంది. ఇప్పుడు 1,900 కిలోల ఖాళీ బండిలో 240 కిలోల సరుకును, దాని కేంద్రం నేలకు 1,300 మిల్లీమీటర్ల ఎత్తున ఉండేలా పేర్చితే, మొత్తం కేంద్రం 67 మిల్లీమీటర్లు పైకి పోతుంది. నేను భయపడిన ఎత్తు పెంపు కన్నా నేను రోజూ పేర్చిన బస్తాలే ఎక్కువ ప్రమాదం. అదే సరుకును 1,000 ఎత్తులో పరిస్తే పెరుగుదల 34 మాత్రమే. ఇవి నిలకడగా, గట్టి నేల మీద నిలబడిన బండి లెక్కలు. మెత్తటి అంచు, టైరు నలగడం, సరుకు జారడం కలిస్తే హద్దు ఇంకా ముందే వస్తుంది.

కేజ్ కట్టించలేదు. బదులుగా తొట్టి అంచు దాటి సరుకు పేర్చడం మానేసి, రెండు ట్రిప్పులు తిరుగుతున్నాను. బస్తాలను కదలకుండా రాట్చెట్ పట్టీలతో బిగిస్తాను. గెడ్డ దగ్గర వానలో ముందు దిగి అంచు తొక్కి చూస్తాను. తొట్టిలో మనుషులను ఎక్కించుకోవడం పూర్తిగా ఆపేశాను. ఈ చివరి మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మా వైపు సంతకు వెళ్లేటప్పుడు పది మంది తొట్టిలో నిలబడి ప్రయాణించడం మామూలు. ఎంత గట్టి కేజ్ అయినా బెల్టు పెట్టుకుని దాని లోపల కూర్చున్నవారినే కాపాడుతుంది. తొట్టిలో ఉన్న తల్లికీ బిడ్డకీ అది ఏమీ చేయదు.

పైకప్పు లేని పాత జీపులు నడిపేవారికి, పోటీల్లో దిగేవారికి నా నిర్ణయం వర్తించదు. వారికి కేజ్ తప్పనిసరే, అది నిబంధనల ప్రకారం, హెల్మెట్‌తో సహా ఉండాలి. మా తోట పొరుగాయన అలాంటి జీపే నడుపుతాడు. ఆయన్ని విశాఖపట్నంలో అతుకు లేని గొట్టం దొరికే చోటికి నేనే తీసుకెళ్లాను.

ప్రస్తుతం నా బండిలో వెనుక కుడి కట్టలో రెండో ఆకు కొద్దిగా పక్కకు తొలిగింది, షాకిల్ బుష్‌లు అరిగాయి. కాఫీ కోత మొదలయ్యేలోగా సాలూరు తీసుకెళ్లి కట్ట విప్పించి, బుష్‌లూ యూ బోల్టులూ కొత్తవి వేయించాలి.