270టువిన్ మ్యాప్: మూడు క్లిక్కులతో హిల్లరీని గెలిపించొచ్చు, అక్కడివరకే

అమెరికా అధ్యక్ష ఎన్నికల లెక్కలు వేసేవాళ్లకి 270టువిన్ సైటు కొత్త కాదు. దేశపటంలో ఒక రాష్ట్రాన్ని నొక్కితే రంగు మారుతుంది, ఎలక్టోరల్ ఓట్ల మొత్తం వెంటనే సవరించుకుంటుంది. ఒక్కో రాష్ట్రానికి ఇన్నని ఉండే ఈ ఓట్లు దాదాపు అన్నిచోట్లా అక్కడ గెలిచినవాళ్లకే మొత్తంగా పోతాయి, 270 వస్తే అధ్యక్ష పదవి. డబ్బు కట్టక్కర్లేదు. 1789 నుంచి అన్ని ఎన్నికల పటాలూ ఉన్నాయి. చాలామంది దీన్ని వచ్చే ఎన్నికల జోస్యానికే వాడతారు. 2016లో డెమోక్రాట్ల తరఫున హిల్లరీ క్లింటన్ బదులు ఇంకొకరు నిలబడి ఉంటే చేజారిన రాష్ట్రాలు దక్కేవా అనే పాత తగువు తేల్చడానికి ఇది ఎంత పనికొస్తుందో చూద్దాం.

కూడికల్లో దీనికి తిరుగులేదు. 2016 ఫలితం ప్రకారం ట్రంప్‌కు 306, హిల్లరీకి 232. రాష్ట్రాల తరఫున ఈ ఓట్లు వేసే ఎలక్టర్లలో ఏడుగురు మాట తప్పడంతో అధికారిక లెక్క 304–227 అయింది. రెండు రకాల అంకెలు కనిపిస్తే కంగారు వద్దు. 2012లో ఒబామా గెలిచి, 2016లో పోయిన రాష్ట్రాలు ఆరు. ఒహాయోలో తేడా 8 శాతం పైన, అయోవాలో 9 పైన, కాబట్టి వాటిని వదిలేయండి. ఫ్లోరిడాలో ఒక్కచోటే ట్రంప్ మెజారిటీ 1.12 లక్షలు, దాన్నీ పక్కన పెట్టండి. మిగిలినవి మిషిగన్ (16 ఎలక్టోరల్ ఓట్లు), విస్కాన్సిన్ (10), పెన్సిల్వేనియా (20). మొదటి రెండూ డెమోక్రాట్ల నీలం చేస్తే 258. మిషిగన్, పెన్సిల్వేనియా తిప్పితే 268. మూడూ తిప్పితేనే 278. ఇక్కడ రెండు నిమిషాలు గడిపినవాళ్లెవరూ ‘ఒక్క మిషిగన్ వచ్చి ఉంటే’ అని మళ్లీ అనరు.

చిక్కేమిటంటే, ఈ పటంలో ప్రతి క్లిక్కుకీ ఒకటే ఖరీదు. మిషిగన్ పోయింది 10,704 ఓట్లతో, విస్కాన్సిన్ 22,748తో, పెన్సిల్వేనియా 44,292తో. అసలు ఓట్లు పోయిన తీరే మూడుచోట్లా వేరు. విస్కాన్సిన్‌లో ట్రంప్‌కు 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి వచ్చినన్ని ఓట్లు కూడా రాలేదు, రెండు వేల పైచిలుకు తగ్గాయి. ఒబామాతో పోలిస్తే హిల్లరీకి మాత్రం 2.38 లక్షలు తగ్గాయి. పెన్సిల్వేనియా దీనికి తలకిందులు: హిల్లరీకి తగ్గినవి 64 వేలే, ట్రంప్ మాత్రం రామ్నీ కంటే 2.9 లక్షలు ఎక్కువ తెచ్చుకున్నాడు. మిషిగన్‌లో రెండూ జరిగాయి. డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీలోనే ఒబామా ఓట్లలో సుమారు 76 వేలు రాలిపోయాయి, అంటే ఓడిన తేడాకి ఏడు రెట్లు. వీటిలో ఎందరు ఇంట్లో కూర్చున్నారు, ఎందరు అటు దూకారన్నది మొత్తాల్లో కనబడదు. అయినా ‘వేరే అభ్యర్థి’ అన్న మందు విస్కాన్సిన్‌కి పనిచేసే అవకాశం ఎక్కువ, పెన్సిల్వేనియాకి తక్కువ. ఆ పెన్సిల్వేనియా లేకుండా లెక్క కుదరదు.

ఈ ఓట్ల లెక్కకి పక్కనే డేవ్ లీప్ అట్లాస్ అనే ఎన్నికల ఫలితాల సైటు తెరిచి పెట్టుకోవాలి. ఒక హెచ్చరిక: అందులో డెమోక్రాట్లు ఎరుపు, రిపబ్లికన్లు నీలం. రెండు సైట్లూ పక్కపక్కన చూస్తే తల తిరుగుతుంది.

డెమోక్రాట్ల టికెట్‌కి హిల్లరీతో పోటీపడిన సాండర్స్ అయితే గెలిచేవాడన్న వాదనకి, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలే ఆధారం. మిషిగన్, విస్కాన్సిన్‌లలో ఆయన గెలిచిన మాట నిజమే. పెన్సిల్వేనియాలో 12 శాతం తేడాతో ఓడాడు. పైగా మొదటి రెండూ ఎవరైనా వేయగల ఓపెన్ ప్రైమరీలు, పెన్సిల్వేనియాలో పార్టీ ఓటర్లకే ఓటు. అదే ఏడాది విస్కాన్సిన్ సెనేట్ పోటీ ఇంకా చేదు. ప్రగతిశీల వర్గానికి ఇష్టుడైన డెమోక్రాట్ ఫైన్‌గోల్డ్ సొంత రాష్ట్రంలో మూడు శాతానికి పైగా తేడాతో ఓడాడు. హిల్లరీ ఓడింది ఒక శాతం లోపే.

మరి 2020లో బైడెన్ మూడూ తెచ్చాడు కదా అంటారు. తెచ్చాడు. కానీ విస్కాన్సిన్‌లో ఆయన మెజారిటీ 20,682. హిల్లరీ ఓడిన తేడా కంటే తక్కువ. అదీ నాలుగేళ్ల ట్రంప్ పాలన, కోవిడ్ తర్వాత. 2016లోనే ఆయన నిలబడి ఉంటే అన్నది అత్తకు మీసాలుంటే మామ అయ్యేదన్న లెక్కే.

2024కి ఇదే ప్రశ్న వేసేవాళ్లు విస్కాన్సిన్‌లో డెమోక్రాట్ సెనేటర్ టామీ బాల్డ్‌విన్‌ని చూపిస్తారు: అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్ 29,397 ఓట్లతో ఓడినచోట ఈమె సుమారు 29 వేలతో సెనేట్‌కి గెలిచింది. క్రాస్ ఓటింగ్ అనిపిస్తుంది. అంకెలు విప్పితే, బాల్డ్‌విన్‌కి హారిస్ కంటే ఎక్కువ వచ్చినవి నాలుగున్నర వేలే. రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థికి ట్రంప్ కంటే 50 వేలకు పైగా తక్కువొచ్చాయి. ట్రంప్ కోసమే వచ్చి, బ్యాలెట్‌లో కింద ఉండే సెనేట్ గడి వదిలేసిన వాళ్ల ప్రభావం అందులో ఎంతో ఉంది. ఎదుట ట్రంప్ ఉంటే ఆ 29 వేలు నిలబడేవి కావు.

పటంలో ఈ పొరలేవీ లేవు, ఓట్లతో నడిచే మీట ఒకటి పెట్టి ఉంటే బాగుండేది. 2024 పటంతో ఆడేవాళ్లు నెబ్రాస్కా రెండో జిల్లాని విడిగా సరిచూసుకోండి, ఆ రాష్ట్రంలో కొన్ని ఎలక్టోరల్ ఓట్లు జిల్లాలవారీగా పోతాయి. హారిస్ 226కి ఈ మూడు రాష్ట్రాల 44 (2016లో 46, 2020 జనగణన తర్వాత తగ్గాయి) కలిపితే సరిగ్గా 270. ఒమాహా ఉన్న ఆ జిల్లా పొరపాటున ఎరుపుగా ఉండిపోతే 269–269, ఎవరికీ 270 రాక విషయం ప్రతినిధుల సభకి పోతుంది.