తల్లిదండ్రుల పేర్లు లేని తాతగారి కోసం లిస్బన్‌లో

మూడు వందల యాభై డాలర్లు తీసుకుని, "మీ వంశం ఇక్కడితో ఆగిపోయింది, ఇంకేమీ దొరకదు" అని చేతులు దులుపుకున్న ఏజెంటు మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. పోర్చుగల్‌లో పాత చర్చి పుస్తకాలు వెతికించుకోవాలనుకునే వాళ్ళెవరూ ఇలా డబ్బు పోగొట్టుకోకూడదు.

మావారిది న్యూజెర్సీలో న్యూఆర్క్‌ పోర్చుగీసు కుటుంబం. మా అత్తగారి నాన్నగారు లిస్బన్‌కి ఉత్తరాన తోర్రెష్ వెద్రాష్ దగ్గర ఒక పల్లె నుంచి వలస వచ్చారు. ఆయన తండ్రి, అంటే అత్తగారి తాతగారు, ఎవరి బిడ్డో అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. డెబ్బై అయిదో ఏట అత్తగారికి తెలుసుకోవాలనిపించింది. ఏజెంటు పంపినవి మూడు ప్రింట్లు. పోర్చుగల్‌లో 1911లో అందరికీ ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యేదాకా జననాలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసిపెట్టింది ముఖ్యంగా చర్చిలే. ఆ పుస్తకాలు ప్రభుత్వ ఆర్కైవులకు చేరాయి, చాలావరకు స్కానై డిజిటార్క్ అనే సైట్లో ఉచితంగా ఉన్నాయి. మాకు అమ్మినవి కూడా అక్కడివే!

1860 నుంచి అక్కడి బాప్తిస్మం పుటల్లో బిడ్డ తాతల, నానమ్మ అమ్మమ్మల పేర్లు కూడా రాయాలి. అత్తగారి నాన్నగారి పుటలో తండ్రి వైపు తాత, నానమ్మ 'తెలియనివారు' అని ఉంది. ఏజెంటు అక్కడే ఆపేశాడు. కానీ అతను పంపిన తాతగారి పెళ్ళి పుటలోనే, పెళ్ళికొడుకు పేరు పక్కన, "లిస్బన్ సాంతా కాజా ద మిజెరికోర్డియా ఎష్‌పోష్తు" అని ఉంది. అంటే ఆ ధర్మసంస్థ చక్రంలో (దాని సంగతి కింద చెప్తాను) వదిలిన బిడ్డ. భూతద్దం పెట్టి ఆ మాట చదివింది అత్తగారే. తర్వాత భోజనం ముట్టుకోలేదు, మాతో మాట్లాడలేదు.

ఇక బస. బైర్రు ఆల్తులో అపార్ట్‌మెంటు, రాత్రికి 128 యూరోలు, మనిషికి రాత్రికి 4 యూరోల సిటీ టాక్స్ అదనం. "ప్రశాంతమైన పాతబస్తీ ఇల్లు" అని ప్రకటన. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, ఆ సంగతి ప్రకటనలో ఎక్కడా రాయలేదు. మెట్లు చెక్కవి, నిటారుగా, ఒక మనిషి పట్టేంత వెడల్పు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని మావారు వెనక నుంచి పట్టుకుని ఎక్కించారు. కింద వీధంతా బార్లు, తెల్లవారుజామున మూడింటిదాకా కేకలు. ఇల్లుగలాయనకి ఫోన్ చేస్తే "ఇది లిస్బన్ అమ్మా" అని నవ్వాడు. రెండో రాత్రి డబ్బు వదులుకుని కాంపు గ్రాండ్ దగ్గర మామూలు హోటల్‌కి మారాం. 94 యూరోలు, లిఫ్టు ఉంది, మెట్రో పక్కనే. పెద్దవాళ్ళతో వెళ్తే పాతబస్తీలో దిగొద్దు, పగలు చూసి వచ్చేయండి.

తోర్రె దొ తోంబు జాతీయ ఆర్కైవ్‌కి సిదాద్ యూనివర్సిటారియా స్టేషన్లో దిగి నడిచాం. మేము వెళ్ళినప్పుడు మెట్రో టికెట్ 1.85 యూరోలు, కార్డుకి అర యూరో. స్కానైన పుస్తకాల అసలు ప్రతులు సాధారణంగా ఇవ్వరు, అక్కడా తెరమీదే చూడాలి. ఇంట్లో కూర్చుని చూడగలిగిన వాటికోసం అంత దూరం పోనక్కర్లేదు.

పోవలసింది మిజెరికోర్డియా చారిత్రక ఆర్కైవ్‌కి. రెండు నెలల ముందే ఈమెయిల్ రాసి, పెళ్ళి పుట నకలూ ఆయన వయసూ పంపించాం. ఆ వయసు లెక్కన పుట్టిన ఏడు 1862 చుట్టుపక్కల అని వాళ్ళే తేల్చి, చూడవలసిన పుస్తకాలు తీసి ఉంచారు. ఫీజు అడగలేదు.

చక్రం అంటే గోడలో తిరిగే చెక్క గూడు. బయట నుంచి బిడ్డను పెట్టి గంట కొడితే లోపలివాళ్ళు తిప్పి తీసుకునేవారు. ఎవరు పెట్టారో కనబడదు. ఇలాంటివి ప్రతి ఊళ్ళోనూ పెట్టాలని 1783లో పోలీసు అధికారి పీనా మానిక్ ఉత్తరువిచ్చాడు. లోపలికి వచ్చిన ప్రతి బిడ్డకీ అంకె, తేదీ, వేళ, ఒంటి మీద బట్టలు సహా రాసుకునేవారు. తర్వాత పాలిచ్చే దాదికి అప్పగించేవారు, చాలామందిని పల్లెలకే పంపారు. దాదులకు జీతం ఉండేది. అత్తగారి తాతగారు తోర్రెష్ వెద్రాష్ పక్క పల్లెకి చేరింది అలాగే.

ఆర్కైవ్‌లో పనిచేసే ఒకామె చేతొడుగులతో ఒక కాగితం విప్పింది. దానికి నీలం రిబ్బను ముక్క కుట్టి ఉంది, ఒక అంచు కత్తెరతో వంకరగా కోసి ఉంది. మిగతా సగం తల్లి దగ్గర ఉండేదట. మళ్ళీ తీసుకుపోవడానికి వస్తే రెండు ముక్కలూ కలిపి చూసేవారు. అలాంటి గుర్తులు, పేక ముక్క సగాలూ పతకాల సగాలూ, ఆ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. కాగితం మీద నాలుగు వరుసలు: బిడ్డ రాత్రి పుట్టాడు, బాప్తిస్మం కాలేదు, ఫలానా పేరు పెట్టండి, దయచేసి దూరం పంపకండి, వస్తాం. అత్తగారు పైకి చదివారు. అడిగిన పేరే పెట్టారు, జీవితమంతా ఆయన పేరు అదే. "పారేయలేదమ్మా, దాచమన్నారు" అని నా చెయ్యి పట్టుకుని ఆవిడ ఏడ్చారు. ఆ మధ్యాహ్నం నుంచి మనిషే మారిపోయారు. దారిలో అందరికీ, కాఫీ ఇచ్చిన కుర్రాడికి కూడా, తన తాత సంగతి చెప్పారు.

తోర్రెష్ వెద్రాష్‌కి కాంపు గ్రాండ్ నుంచే బస్సు. అక్కడి నుంచి పల్లెకి టాక్సీ రానూపోనూ 46 యూరోలు, వెయిటింగ్‌తో. చర్చికి తాళం, తాళంచెవి ఎదురింటి ముసలావిడ దగ్గర. పుస్తకాలేవీ ఇప్పుడక్కడ లేవు, రాతి బాప్తిస్మపు తొట్టి ఉంది. తాతగారి పిల్లలందరికీ అందులోనే బాప్తిస్మం అయింది. ఊళ్ళో 'పాస్టెల్ ద ఫైజావ్' తప్పక తినండి, ఒక్కోటి 1.40. తెల్ల చిక్కుడు గింజలూ బాదం పప్పూ కలిపిన తీపి, తింటే మన బొబ్బట్టులో పూర్ణంలా ఉంది. నేను శాకాహారిని, గుడ్డుకి అభ్యంతరం లేదు కనుక నాలుగు తిన్నాను. లిస్బన్ హోటళ్ళలో మాత్రం అడక్కుండా బల్ల మీద పెట్టే బ్రెడ్డూ ఆలివ్‌లూ ముట్టుకోకండి, ముగ్గురికీ 11.70 వేశారు. కాల్దు వెర్ద్ సూప్‌లో ఆకుకూర కింద సాసేజ్ ముక్క దాగి ఉంటుంది, వద్దని ముందే చెప్పాలి.

తల్లి పేరు ఆ కాగితంలో లేదు. మిగతా సగం రిబ్బను పట్టుకుని ఎవరూ వచ్చిన దాఖలా లేదు. కానీ తాతగారు వచ్చిన తేదీ, వేళ, దాది పేరు, ఆమె ఊరు మాకు దొరికాయి. దాది మనవల మనవలు ఆ పల్లెలో ఉన్నారేమో కనుక్కోమని అత్తగారు తాళంచెవి ఇచ్చినావిడకి ఫోన్ నంబరు ఇచ్చి వచ్చారు. ఏజెంటుకి పుట నంబరు పంపి డబ్బు తిరిగి ఇమ్మన్నాను, జవాబు లేదు.