మోకాలి మార్పిడి తర్వాత ఇంటి సాయం: పద్దెనిమిది నెలల వాడకం మీద సమీక్ష

ఆపరేషన్‌కి ముందు అందరూ అడిగేది ఇంప్లాంట్ ఏ కంపెనీదని. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న ఎవరికీ గుర్తుండదు. రాత్రి రెండు గంటలకి బాత్‌రూమ్‌కి ఎవరు తోడొస్తారు, కుర్చీలోంచి లేవడం ఎలా, ఇవే ప్రశ్నలు. ఒకే ఇంట్లో రెండు మోకాళ్ళు, ఒక తుంటి మార్పిడి అయ్యాక, వాడినవాటన్నిటి గురించీ రాస్తున్న సమీక్ష ఇది. వాడినవి: మడత వాకర్, కమోడ్ కుర్చీ, అద్దెకు తెచ్చిన సీపీఎం యంత్రం (కాలిని దానంతటదే వంచేది), వంద పేజీల నోటుపుస్తకం, ఇంటికొచ్చే ఫిజియో, చూడ్డానికొచ్చే చుట్టాలు. చుట్టాల్ని సామాన్ల వరసలో పెట్టినందుకు ఏమీ అనుకోవద్దు. మేలుకైనా కీడుకైనా వాకర్ కంటే వాళ్ల ప్రభావమే ఎక్కువ.

విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు. శ్రీకాకుళం వాళ్లకి నూరు దాటుతుంది. ఆపరేషన్ విశాఖలో చేయించుకుంటే సర్జన్ అందుబాటులో ఉండేది ఫోన్లోనే. మొదటి ఆరు వారాలు ఎలా గడుస్తాయన్నది ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉంటుంది.

ముందు డబ్బు దండగ అయినదాని గురించి. సీపీఎం యంత్రం కాలిని తనే వంచుతుంది, తనే చాపుతుంది. రోగి పడుకుని చూస్తుంటారు. తెర మీద 90 డిగ్రీలు కనబడగానే ఇంటిల్లిపాదికీ సంతోషం. తీరా కుర్చీలో కూర్చోబెట్టి, సొంతంగా వంచమంటే 70 దగ్గర ఆగిపోతుంది. వంపు విషయంలో దీనివల్ల చెప్పుకోదగ్గ తేడా రాదని పరిశోధనలూ తేల్చాయి. అసలు లోపం ఏమిటంటే, కాలు వంగింది తప్ప ‘నేను వంచాను’ అన్న నమ్మకం రాలేదు.

ఇంట్లోవాళ్ల సాయం కూడా చాలాసార్లు ఈ యంత్రంలాగే తయారవుతుంది. గ్లాసు చేతికి, కంచం మంచం దగ్గరికి, లేవబోతే ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని పైకి. ప్రేమే, కాదనలేం. అయితే నెల తిరిగేసరికి రోగికి మోకాలి నొప్పి తగ్గి, పడిపోతానన్న భయం పెరుగుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పాడు: చేయగలనన్న నమ్మకానికి అన్నిటికంటే గట్టి ఆధారం స్వయంగా చేసి చూడటం. తనలాంటి వాళ్లు చేస్తుంటే చూడటం దాని తర్వాతది. ‘ఏం పర్లేదు, ధైర్యంగా ఉండు’ అనే మాటలు వాటి వెనకాలే.

కాబట్టి లేపడం మానేసి, లేవనివ్వడం నేర్చుకోవాలి. రోగి కుర్చీ అంచుకి జరగాలి. ఆపరేషన్ కాలు కొంచెం ముందుకి చాపి, రెండు చేతులతో కుర్చీ చేతుల్ని నొక్కి లేవాలి. వాకర్ పట్టుకుని లేవకూడదు, అది మీదికి ఒరుగుతుంది. నిలదొక్కుకున్నాకే చేతులు వాకర్ మీదికి. తోడున్నవాళ్లు ఆపరేషన్ అయిన వైపు, అర అడుగు వెనక నిలబడాలి. పాత నూలు తువ్వాలు పొడవుగా మడిచి నడుం చుట్టూ బిగించి కడితే పట్టుకోవడానికి పిడిలా ఉంటుంది. చంకల కింద చేతులేసి ఎత్తితే ఎత్తేవాళ్ల నడుమూ, రోగి భుజమూ రెండూ పోతాయి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు చాలదు. రెండు కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టి గోడకి ఆనిస్తే ఎత్తూ వస్తుంది, గట్టిగానూ ఉంటుంది. నులక మంచం మాత్రం మూడు నెలలు అటక మీదే ఉండాలి. నడుం కుంగిపోయి లేవడం నరకం.

మొదటి వారం తువ్వాలు మీద చెయ్యి. రెండో వారం చెయ్యి తీసేసి చేతికందే దూరం. మూడో వారం అదే గదిలో ఉంటే చాలు. నాలుగో వారం పక్కగదిలో, పిలిస్తే వినబడేంత దూరంలో. ఫిజియో సరేనన్నాకే ఒక్కో మెట్టు దిగాలి. బాత్‌రూమ్‌కి తోడు ఆఖరున మానాలి, ఎక్కువమంది జారేది అక్కడే.

వాకర్‌కి మంచి మార్కులే. పాతకాలం ఇళ్లలో గదికో గడప ఉంటుంది కాబట్టి ముందు చక్రాలున్నది వద్దు, గడప దగ్గర తట్టుకుంటుంది. నాలుగు కాళ్లకీ రబ్బరు బూట్లున్న మామూలు మడత వాకరే నయం. చేతులు కిందికి వదిలి నిలబడితే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. షాపులో బిగించి ఇచ్చిన ఎత్తే ఉంచేస్తే రోగి గూనిగా నడుస్తారు, వారంలో నడుం నొప్పి మొదలు. వాకర్, ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు: ఇదీ వరస. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చీర కుచ్చిళ్లు వాకర్ కాలికి తగులుకుంటాయి. చీలమండ పైకుండే నైటీ మేలు. మగవాళ్లకి లుంగీ బదులు నిక్కరు. హవాయి చెప్పులు కాకుండా వెనక పట్టీ ఉన్నవి వేసుకోవాలి.

కమోడ్ కుర్చీ రాత్రిపూట బంగారం. కొనేముందు బరువు ఎంత మోస్తుందో చూడండి. ఎత్తు మార్చుకునే కాళ్లున్నదైతే తుంటి మార్పిడి వాళ్లకీ పనికొస్తుంది. వాళ్లు సర్జన్ చెప్పినన్నాళ్లు తుంటిని 90 డిగ్రీలు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. కింద బకెట్ జరిగిపోవడం ఒక్కటే దీని చిక్కు, అది ఇంట్లోవాళ్లు చూసుకునేదే.

అన్నిటికంటే చవకైంది, అన్నిటికంటే బాగా పనిచేసింది నోటుపుస్తకం. తేదీ, మాత్రల వేళలు, నొప్పి సున్నా నుంచి పది లోపు ఎంత, మోకాలి వంపు. చివరి గడి ‘ఈరోజు ఒంటరిగా చేసింది’. అందులో ‘12వ రోజు, మంచం నుంచి వంటింటి దాకా, ఎవరూ పట్టుకోలేదు’ అని రోగే స్వయంగా రాయాలి. మూడో వారంలో ఈ గడి అక్కరకొస్తుంది. అప్పటికి చుట్టాల రాక తగ్గుతుంది, నొప్పి మాత్రలు తగ్గిస్తారు, రాత్రి నిద్ర పట్టదు, వాపు మాత్రం పోదు. ‘ఎందుకు చేయించుకున్నానా’ అనిపించేది అప్పుడే. వాపూ వేడీ మూడు నుంచి ఆరు నెలలుండొచ్చు, మచ్చ పక్కన తిమ్మిరి ఉండొచ్చు. ఈ ముక్క ముందే చెప్పి ఉంచితే సగం దిగులు ఉండదు. వారానికోసారి ఇంకో కొలత: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు? ఆ అంకె వారం వారం తగ్గుతుంటే, నయమవుతోందా లేదా అని వాదించక్కర్లేదు.

ఇక చుట్టాలు. ‘ఏటమ్మా, ఈ వయసులో నీకెందుకొచ్చిన కోత? మా ఊళ్లో ఒకావిడకి చీము పట్టేసింది’ అనేవాళ్లు ప్రతి ఇంటికీ కనీసం ముగ్గురొస్తారు. వాళ్లని ఆపలేం గానీ పని చెప్పొచ్చు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపు రమ్మనండి, మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చోబెట్టండి, కట్టు విప్పి చూపించొద్దు. వెళ్లేటప్పుడు వాళ్లని వీధి గుమ్మం దాకా సాగనంపడం రోగి వంతు. రోజుకి నలుగురొస్తే నాలుగు నడకలు. ఇది వ్యాయామంలా అనిపించదు, ఇంటి మర్యాదలా అనిపిస్తుంది. అందుకే ఎగ్గొట్టరు. పప్పు తింటే చీము పడుతుందన్న పథ్యం మాట కూడా వీళ్లతోనే వస్తుంది. పప్పు, గుడ్డు, చేప తగ్గిస్తే పుండు మానడం ఆలస్యమవుతుంది. చోడి (రాగి) అంబలి బ్రహ్మాండంగా తాగొచ్చు.

పిలిచి మరీ రప్పించాల్సిన మనిషి ఒకరున్నారు: మూడు నాలుగు నెలల క్రితం ఇదే ఆపరేషన్ అయిన, అదే వయసు మనిషి. పదేళ్ల క్రితం చేయించుకున్నవాళ్లకి మొదటి నెల ఎలా ఉంటుందో గుర్తుండదు. ఈమధ్యే చేయించుకున్న మనిషి చెప్పే మాటల కంటే, మెట్లెక్కి లోపలికి రావడమే ఎక్కువ చెబుతుంది. డిగ్రీల పోటీ మాత్రం పెట్టొద్దు. ‘ఆవిడకి 120 వచ్చిందట’ అన్న మాట వింటే రోగి నొప్పి దాచి అతిగా వంచుతారు, మర్నాడు వాపుతో మంచం దిగరు.

ఫిజియో మొదటి రెండు మూడు వారాలు ఇంటికి రావడం అవసరం. గజపతినగరం, చీపురుపల్లి లోపలి ఊళ్లకి రోజూ రాకపోతే వీడియో కాల్ సరిపోతుంది. ఫోను ఎదురుగా కాకుండా పక్కన, మోకాలి ఎత్తులో పెట్టాలి. అప్పుడే వంపు కోణం కనబడుతుంది. ఇంట్లోవాళ్లు చేసే పెద్ద తప్పు మోకాలి కింద దిండు పెట్టడం. హాయిగానే ఉంటుంది, కానీ కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. దిండు మడమ కింద ఉండాలి. ఐసు గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. నూనె మర్దనా, పసరు కట్టూ వద్దు.

ధైర్యం చెప్పకూడని సందర్భాలూ ఉన్నాయి. పిక్కలో నొప్పి, కొత్తగా వాపు వస్తే అదే రోజు సర్జన్‌కి ఫోన్. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108. జ్వరం, కుట్టు దగ్గర రసి కారడం కనబడితే ఊళ్లో డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ వాడి చూద్దామనొద్దు, ముందు సర్జన్‌కే చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లు, కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లు, నొప్పి మాత్రలు మొదలెట్టకముందే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలు అసలే వద్దు.

గుడికి వెళ్లడం మంచి లక్ష్యమే. అరసవల్లి అయితే ఆదివారం మానేసి మామూలు రోజు వెళ్లండి, తోపులాట ఉండదు. వాకర్ నుంచి చేతికర్రకి మారేటప్పుడు చాలామంది కర్రని ఆపరేషన్ కాలి వైపే పట్టుకుంటారు. పట్టాల్సింది ఎదుటి చేత్తో. పక్కింటివాళ్లకి ఇచ్చేముందు వాకర్ రబ్బరు బూట్లు తిరగేసి చూడండి. గీతలు అరిగిపోయి నున్నగా ఉంటే నాలుగూ మార్చి ఇవ్వండి.