పార్టు త్రీడీ స్కాన్ చేయించి స్టెప్ ఫైలు తీసుకుంటున్నారా? బోరు మీద క్లిక్ చేసి చూశాకే డబ్బులు కట్టండి

విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరులోనో పాత పార్టు స్కాన్ చేయించి క్యాడ్ ఫైలు (కంప్యూటర్ డ్రాయింగ్; స్టెప్ అందులో ఒక రకం) కొనుక్కునేవాళ్లకు ఈ హెచ్చరిక. షాపు పేరు రాయడం లేదు. కింద చెప్పే పద్ధతి ఎవరు వాడినా ఫలితం ఇదే.

పార్టు ఒక కారం మిల్లు బేరింగ్ హౌసింగ్. అందులో కూర్చోవాల్సింది 6203 బేరింగ్, బయటి వ్యాసం 40 మి.మీ. "ఫైలు తేలిక చేసి స్టెప్‌లో ఇచ్చాం" అన్నారు. తెరిస్తే గుండ్రంగా ఉండాల్సిన బోరు (బేరింగ్ కూర్చునే రంధ్రం) పన్నెండు పలకలుగా ఉంది. మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే సరిగ్గా 40. తప్పు దొరకదు. పలక నుంచి ఎదురు పలకకు కొలిస్తే 38.64. వీఎంసీకి (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్) ఇస్తే ఆ పన్నెండు పలకలనే శుభ్రంగా కోసిపెడుతుంది, బేరింగ్ మాత్రం దిగదు. పలకలు 36 ఉన్నా 39.85 దగ్గరే ఆగుతుంది, అప్పుడూ దిగదు.

ఇలా ఎందుకవుతుందంటే, స్కాన్‌లో పార్టు ఉపరితలం చిన్న చిన్న ట్రయాంగిల్స్ వలగా (మెష్) వస్తుంది. పక్కపక్క ట్రయాంగిల్స్ నార్మల్స్ (ముఖానికి నిలువుగా ఉండే దిశలు) మధ్య కోణం చూసి, అది పెట్టిన పరిమితికి లోపలే ఉంటే మధ్య అంచు తీసేసి రెండింటినీ కలిపేస్తారు. పెట్టెలాంటి పార్టుకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది: చదును దగ్గర 0°, అంచు దగ్గర 90°. బ్లెండర్‌లో ఈ పని చేసే లిమిటెడ్ డిసాల్వ్ అనే కమాండ్ పరిమితి మొదట 5° ఉంటుంది. 72 పలకల సిలిండర్‌లో పక్క పలకతో కోణం కూడా 5 డిగ్రీలే! పరిమితి కాస్త పెంచితే చాలు, బోరు గోడ కూడా "చదును" కింద జమ.

మరి పెంచడం దేనికి? స్కాన్ నాయిస్ (కొలతలో వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు) వల్ల. ట్రయాంగిల్ అంచు 0.3 మి.మీ., నాయిస్ 0.05 మి.మీ. అయితే నున్నటి ఫ్లాంజి (పార్టు చదును అంచు) మీద కూడా 9, 10 డిగ్రీల వంపులు కనిపిస్తాయి. 5° పెడితే ఫైలు సైజు తగ్గదు. ఆపరేటర్ 15 అంటాడు, 25 అంటాడు. ఫ్లాంజి బాగుపడుతుంది, బోరు పోతుంది. సూదుల్లాంటి సన్నటి ట్రయాంగిల్స్ ఉంటే నార్మల్ లెక్కే నమ్మలేం. ఇంకో గొయ్యి ఉంది: పక్క ముఖంతో మాత్రమే పోల్చే స్క్రిప్టులో 4° చొప్పున పది అడుగులు వేస్తే 40° తిరిగిన ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) మొత్తం ఒకే ముఖం అయిపోతుంది. మొదలుపెట్టిన ముఖం నార్మల్‌తోనూ పోల్చాలి.

కోణాన్ని వాడాల్సింది ముక్కలు విడదీయడానికి, చెరిపేయడానికి కాదు. ఎస్‌టీఎల్‌లో (ట్రయాంగిల్స్ దాచే స్కాన్ ఫైలు) ప్రతి ట్రయాంగిల్ తన మూలలు తనే రాసుకుంటుంది కాబట్టి ముందు దగ్గరి మూలలు కలపాలి, తర్వాత నాయిస్ తగ్గించాలి. ట్రయాంగిల్స్ సంఖ్య తగ్గించడానికి మెష్‌ల్యాబ్‌లో (మెష్‌లు సరిచేసే సాఫ్ట్‌వేర్) క్వాడ్రిక్ ఎడ్జ్ కొలాప్స్ ఉంది (గార్లాండ్, హెక్‌బర్ట్ 1997లో ఇచ్చిన పద్ధతి). ఆ తర్వాతే కోణంతో ప్రాంతాలు గుర్తించి, చదునుకు ప్లేన్, బోరుకు సిలిండర్ కూర్చి, వ్యాసాన్ని పారామీటర్‌గా (తర్వాత మార్చుకోగల సంఖ్యగా) పెట్టాలి. బేరింగ్ బోరు సైజు, ఫిట్ స్కాన్ నుంచి తీసుకోవద్దు, బేరింగ్ కేటలాగ్ చూసి పెట్టమనండి.

కొనేవాళ్లు చూడాల్సింది: ఫ్రీక్యాడ్‌లో (క్యాడ్ సాఫ్ట్‌వేర్) ఫైలు తెరిచి బోరు గోడ మీద క్లిక్ చేయండి. గోడంతా, కనీసం సగం వెలిగితే సరే. సన్నటి పట్టీ ఒకటే వెలిగితే అది పలకల మూట. స్టెప్ ఉత్త టెక్స్ట్ ఫైలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటుంది: ఇంగ్లిషు పెద్దక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌తో "సిలిండ్రికల్ సర్ఫేస్" అనే మాట వెతకండి. గుండ్రటి బోరున్న పార్టులో అది ఒక్కటీ లేక, అన్నీ "ప్లేన్" అనే ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించుకోండి: అసలు స్కాన్‌తో గరిష్ఠ తేడా ఎంత ఒప్పుకుంటారో మిల్లీమీటర్లలో, మెష్‌ల్యాబ్ హౌస్‌డార్ఫ్ డిస్టెన్స్ (రెండు ఆకారాల మధ్య తేడా కొలిచే టూల్) ఫలితంతో సహా. సగటు చూపిస్తే ఒప్పుకోవద్దు, గరిష్ఠమే అడగండి. ముట్టుకోని అసలు స్కాన్ ఫైలు కూడా మీకే ఇవ్వాలి. ఎస్‌టీఎల్‌లో యూనిట్లు ఉండవు కాబట్టి, ఆ ఫైల్లో ఒక తెలిసిన కొలత అక్కడే కొలిచి చూసుకోండి. 25.4 రెట్లు తేడా వస్తే ఎక్కడో అంగుళాలు దూరాయన్నమాట.