టికొండరోగా కోటలో బొబ్బిలి మాట

న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ సరస్సు వైపు వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట. టికొండరోగా కోటను దారిలో గంటసేపు దిగి చూసే చోటుగా పెట్టుకోకండి. ఒక రోజంతా దానికే ఇవ్వండి. ఇక బస సంగతి. ఫోనులో ఫోటోలు చూసి సరస్సు ఒడ్డున గది తీసుకునే పని మాత్రం చేయకండి. మా మొదటి రాత్రి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జూన్ మూడో వారంలో ఒక శుక్రవారం న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బయల్దేరాం. మా వారు, నేను, పదకొండేళ్ల మా బాబు, బొబ్బిలి నుంచి వచ్చిన అమ్మా నాన్నా. నాన్న ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా దగ్గరకు వచ్చిన నెల రోజుల్లో నయాగరా, వాషింగ్టన్, స్వేచ్ఛా ప్రతిమ అన్నీ చూశారు. చూసి ఊరుకున్నారు. "మీరు దిగి చూసి రండమ్మా, నేను కారులో కూర్చుంటాను" అనడం మొదలుపెట్టారు. కోట అంటే అయినా ఆయన దిగుతారేమోనని నా ఆశ. ప్రయాణం నాలుగున్నర గంటలు, దారిలో అమ్మ కలిపి తెచ్చిన పులిహోర. చెప్పుకోవలసినంత ఏమీ జరగలేదు.

జరిగిందంతా లేక్ జార్జ్ ఊళ్లో, మేము దిగిన మోటెల్లో. రెండు గదులు, గదికి 129 డాలర్లు, ఎదురుగా సరస్సు, గదిలో ఫ్రిజ్ ఉందని చూసి రెండు రాత్రులకు డబ్బు ముందే కట్టాను. పన్నుతో కలిపి రాత్రికి 286 అవుతుందని లెక్క వేసుకున్నాం. తీరా వెళ్తే చేతికిచ్చిన బిల్లులో రాత్రికి 376. అద్దె 258, పన్ను 28, సదుపాయాల రుసుము గదికి 35 చొప్పున 70, ఐదో మనిషి ఉన్నందుకు 20. ఆ సదుపాయాలు ఏమిటని అడిగితే ఈత కొలను అన్నారు. కొలనుకు తాళం వేసి ఉంది. సరస్సు కనిపించేది ముందు వరుస గదులకే. మాకిచ్చినవి వెనక వరుసలో, చెత్త డబ్బాల పక్కన.

ఇవన్నీ నేను మరచిపోయేదాన్ని. మరచిపోలేనిది ఫ్రిజ్. నాన్నకు చక్కెర వ్యాధి, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను బయట ఉన్నా ఇబ్బంది లేదు, కానీ ఇంకా తెరవని రెండింటిని చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ చప్పుడు చేస్తోంది, లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. రాత్రి పది గంటలకు కౌంటరు దగ్గరకు వెళ్లాను. మేనేజరు పొద్దున వస్తారని అక్కడున్న కుర్రవాడు చెప్పాడు. మీ ఆఫీసు ఫ్రిజ్‌లో రెండు పెన్నులు పెట్టుకోనివ్వమని అడిగాను. అది సిబ్బందికి మాత్రమేనట. మందు బాబూ, తిండి కాదు అని మళ్లీ చెప్పాను. అతను తల ఎత్తకుండానే అదే మాట అన్నాడు.

చివరికి మా వారు పెట్రోలు బంకుకు వెళ్లి 4 డాలర్లకు ఐసు సంచి, 7 డాలర్లకు థర్మోకోల్ పెట్టె కొనుక్కొచ్చారు. గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు కాబట్టి అమ్మ పెన్నులను తువ్వాలులో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేసి, ఐసుకు తగలకుండా పెట్టెలో ఒక మూలకు పెట్టింది. రాత్రి మూడు గంటలకు లేచి నీళ్లు ఒంపేసింది. నాన్న మంచం అంచున కూర్చుని ఇదంతా చూస్తూ, "నా ఒక్కడి కోసం మీ అందరికీ అవస్థ" అన్నారు. మా నాన్న చేత ఆ మాట అనిపించినందుకు ఆ మోటెల్‌ను నేను క్షమించను.

పొద్దున మేనేజరు 15 డాలర్లు తగ్గిస్తానన్నాడు. రెండో రాత్రి డబ్బు మాత్రం తిరిగి రాదన్నాడు. గది ఖాళీ చేసి వచ్చేశాం. ఫ్రిజ్ వీడియో, ఐసు రసీదు, గది వివరాలు కనిపించే పేజీ ఫోటో జతచేసి కార్డు కంపెనీకి ఫిర్యాదు పెడితే, పందొమ్మిది రోజులకు రెండో రాత్రి 376 డాలర్లూ వెనక్కి వచ్చాయి. మీకూ ఇలా జరిగితే అక్కడ నిలబడి గొంతు చించుకోకండి. ఫోటోలు తీసుకుని బయటికి వచ్చేయండి.

ఊళ్లోనే ఫోర్ట్ విలియం హెన్రీ ఉంది. 1755లో ఇంగ్లీషువాళ్లు కట్టిన కోటను 1757లో ఫ్రెంచివాళ్లు తగలబెట్టేశారు. ఇప్పుడున్నది 1950లలో మళ్లీ కట్టినది. పిల్లలు సంతోషిస్తారు. మేము బయటి నుంచే చూసి 9ఎన్ రోడ్డు పట్టాం. ఆ రోడ్డు సరస్సు పక్కనే వెళ్తుంది, చాలా అందంగా ఉంటుంది, కానీ మలుపులకు అమ్మకు కడుపులో తిప్పింది. పెద్దవాళ్లు వెంట ఉంటే హైవే మీద వెళ్లి 28వ ఎగ్జిట్ దగ్గర దిగండి.

కోట దగ్గర ఐదుగురి టికెట్లు నూరు డాలర్లు దాటాయి. ఆ డబ్బు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నాన్న మొదట అలవాటుగా, "మీరు వెళ్లండి" అన్నారు. బాబు చెయ్యి పట్టి లాగితే దిగారు. నాలుగు అడుగులు వేశాక, ఫ్రెంచివాళ్లు 1755లో దీని నిర్మాణం మొదలుపెట్టారని మా గుంపును నడిపిస్తున్న అబ్బాయి చెప్పడం విని ఆగిపోయారు.

"1755లోనా? అప్పటికి ఫ్రెంచి సేనాని బుస్సీ మన దేశంలోనే ఉన్నాడు" అన్నారు నాతో.

అంతే, నెల రోజులుగా మూగబోయిన మా మాష్టారు తిరిగి వచ్చారు. బాబును పక్కన నిలబెట్టుకుని వేళ్ల మీద లెక్క చెప్పడం మొదలుపెట్టారు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట కూలింది. అదే ఏడాది ఆగస్టులో అదే ఫ్రెంచి రాజు సైన్యం, మోంకాల్మ్ నాయకత్వాన, మేము రాత్రి పడుకున్న ఊళ్లోని విలియం హెన్రీ కోటను పట్టుకుంది. 1758 జూలై 8న ఈ టికొండరోగాలో ఫ్రెంచివాళ్లు గెలిచారు, డిసెంబరులో గోదావరి జిల్లా చందుర్తిలో ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది, జూలైలో ఈ కోట పోయింది. "ఒకటే యుద్ధం నాన్నా. ఒక కొస మన ఊళ్లో, ఇంకో కొస ఇక్కడ." ఫ్రెంచివాళ్లకూ ఇంగ్లీషువాళ్లకూ జరిగిన ఆ ఏడేళ్ల యుద్ధాన్ని నేనూ పరీక్షకు చదివాను. అది మా ఇంటి పెరట్లో నుంచి ఇక్కడిదాకా సాగిందని నాకు ఆ క్షణం దాకా తట్టలేదు.

పాతకాలపు సైనికుడి దుస్తుల్లో ఉన్న ఆ అబ్బాయి నాన్న మాటలు విని దగ్గరకు వచ్చాడు. దక్షిణ భారతంలో ఫ్రెంచివాళ్లు పోరాడారని అతనికి తెలుసు, బొబ్బిలి తెలియదు. నాన్న తనకు వచ్చిన ఇంగ్లీషులో రంగారావు సంగతి, తాండ్ర పాపారాయుడి సంగతి చెప్పారు. అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నాన్న ఒక్కొక్క అక్షరం చెబుతుంటే బొబ్బిలి పేరు రాసుకున్నాడు. మోటెల్ కుర్రవాడిదీ ఇంచుమించు ఇదే వయసు.

కోట ఇక్కడే ఎందుకని బాబు అడిగాడు. గోడ ఎక్కి చూస్తే జవాబు కళ్లముందే ఉంది. లేక్ జార్జ్ నీళ్లు లా షూట్ అనే చిన్న నది గుండా జారి లేక్ షాంప్లెయిన్‌లో కలుస్తాయి. షాంప్లెయిన్ ఉత్తరంగా కెనడా వైపు పారుతుంది. చుట్టూ దట్టమైన అడవి ఉన్న కాలంలో సైన్యాలకు ఈ నీళ్లే దారి. రెండు సరస్సుల మధ్య పడవలు దించి సామాను మోసుకోవలసిన చోటు ఇది. టికొండరోగా అంటే అసలు ఇక్కడి ఆదివాసుల ఇరోక్వా భాషలో రెండు నీళ్లు కలిసే చోటని అర్థం. ఫ్రెంచి ఇంజనీరు లోబినియేర్ దీన్ని నక్షత్రం ఆకారంలో, మూలలు ముందుకు పొడుచుకు వచ్చేలా కట్టాడు. ఏ గోడ దగ్గరకు వచ్చినా పక్క మూల నుంచి తుపాకీ అందుతుంది.

1758 నాటి యుద్ధం జరిగింది మాత్రం ఈ గోడల దగ్గర కాదు, పడమరగా ఉన్న మిట్ట మీద. మోంకాల్మ్ దగ్గర సుమారు 3,600 మంది. ఇంగ్లీషు జనరల్ అబర్‌క్రాంబీ దాదాపు 16,000 మందితో వచ్చాడు. ఫ్రెంచివాళ్లు దుంగలతో గోడ పేర్చి, దాని ముందు చెట్లు నరికి కొమ్మల కొసలు చెక్కి పరిచారు. ఫిరంగులు రానిస్తే ఆ దుంగలు ఎగిరిపోయేవి. అబర్‌క్రాంబీ ఆగలేదు, మనుషులను పంపాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పంపుతూనే ఉన్నాడు. దాదాపు 2,000 మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. బ్లాక్ వాచ్ అనే స్కాట్లాండ్ దళంలో సగానికి పైగా పడిపోయారు. ఆ మిట్ట మీద ఇప్పుడు చెట్ల మధ్య కాలిబాట ఉంది. చాలామంది అటు వెళ్లకుండానే తిరిగి వెళ్తున్నారు. వెళ్లండి. నాన్న అక్కడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఫిరంగులు వెనకే ఉన్నాయి గదమ్మా, ఒక్క రోజు ఆగితే ఏం పోయింది" అన్నారు, నిన్నో మొన్నో జరిగినదాని గురించి బాధపడినట్లు.

సైనికులుండే బ్యారక్‌లో ఒక చిన్న గదిలో చెప్పులు కుట్టే అతను కూర్చున్నాడు. ఆ కాలపు సైనికుల బూట్లను ఆ కాలపు పద్ధతిలోనే కుడుతున్నాడు. మోకాళ్ల మధ్య తోలు బిగించి, ఆరెతో చిల్లు పొడిచి, మైనం పట్టించిన దారాన్ని రెండు వైపుల నుంచి ఒకేసారి దూర్చి రెండు చేతులా లాగుతున్నాడు. లాగినప్పుడల్లా దారం కిర్రుమంటోంది. పూర్తయిన జోడును బాబు చేతికిచ్చి ఏది కుడి, ఏది ఎడమ అని అడిగాడు. వాడు అటూ ఇటూ తిప్పి చూసి తెల్లబోయాడు. రెండూ ఒకటే. ఆ రోజుల్లో బూటుకు కుడి ఎడమలు లేవు, తొడుక్కున్న కాలిని బట్టి సాగేదట. అమ్మ ఆ గది ముందు అరగంట నిలబడింది. ఫిరంగి పేల్చినప్పుడు మాత్రం చెవులు మూసుకుని దూరంగా వెళ్లిపోయింది.

అక్కడి తిండికి ఆశపడకండి. ఒక శాండ్‌విచ్ 14 డాలర్లు, రుచి అంతంత మాత్రం. రాత్రికి టికొండరోగా ఊళ్లోనే ఒక ముసలి దంపతులు నడిపే చిన్న బసలో దిగాం. పన్నుతో కలిపి గదికి 118 డాలర్లు, పైన ఒక్క సెంటు లేదు. నేను ఇంకా మాట పూర్తి చేయకముందే ఆవిడ పెన్నులు అందుకుని, కాగితం మీద నాన్న పేరు రాసి అతికించి, తన వంటింటి ఫ్రిజ్‌లో పాల సీసా పక్కన పెట్టింది. అమ్మకు భాష రాదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం క్రౌన్ పాయింట్ చూశాం, అరగంట దూరం. ఆవరణలో తిరగడానికి డబ్బు అక్కర్లేదు. 1773లో కాలిపోయిన ఇంగ్లీషు బ్యారక్‌లు కప్పు లేకుండా రాతి గోడలతో అలాగే నిలబడి ఉన్నాయి. అమ్మకు అదే ఎక్కువ నచ్చింది.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ ఉదయమే. కోటకు ఎదురుగా ఉన్న మౌంట్ డిఫయెన్స్ కొండ పైదాకా కారు వెళ్తుంది. దాదాపు 850 అడుగుల ఎత్తు. 1775 మే 10 తెల్లవారుజామున, ఇంగ్లీషు పాలన మీద తిరగబడ్డ అమెరికన్లు ఈథన్ అలెన్, బెనెడిక్ట్ ఆర్నాల్డ్ ఎనభై మందికి పైగా మనుషులతో వచ్చి నిద్రలో ఉన్న ఇంగ్లీషు దండును పట్టుకుని కోట తీసుకున్నారు. ఆ చలికాలంలోనే హెన్రీ నాక్స్ ఇక్కడి నుంచి 59 ఫిరంగులను మంచు మీద బండ్లతో ఈడ్పించి బోస్టన్ చేర్చాడు. రెండేళ్లకు, 1777 జూలైలో, ఇంగ్లీషు జనరల్ బర్గోయిన్ మనుషులు ఎవరూ ఎక్కించలేరనుకున్న ఈ కొండ మీదికి ఫిరంగులు ఎక్కించారు. కింద కోటలో ఉన్న అమెరికన్లు చూసి ఆ రాత్రే కోట వదిలేసి వెళ్లిపోయారు. బర్గోయిన్ పేరు వినగానే నాన్న, "క్లైవు మీద పార్లమెంటులో విచారణ జరిపిన కమిటీకి పెద్ద ఈయనే" అన్నారు.

అప్పుడు మన దగ్గర రాత్రి ఏడున్నర. నాన్న బొబ్బిలిలో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేశారు. ఫోనును మెల్లగా తిప్పుతూ సరస్సునూ, కింద నక్షత్రంలా కనిపిస్తున్న కోటనూ చూపించారు. గోడలన్నీ అప్పటివేనా అని బాబాయి అడిగారు. కాదన్నారు నాన్న. ఊరివాళ్లు ఇళ్లు కట్టుకోవడానికి రాళ్లు మోసుకుపోయారు, 1820లో పెల్ అనే ఆయన స్థలం కొన్నాడు, వాళ్ల కుటుంబంవాళ్లు 1908 నుంచి మళ్లీ కట్టించారు, మరుసటి ఏడాది ప్రారంభానికి అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చాడు.

"మనకు యుద్ధ స్తంభం ఒక్కటే మిగిలింది గదన్నయ్యా" అన్నారు బాబాయి.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "రేపు స్తంభం దగ్గరకు వెళ్లి ఒక ఫోటో తీసి పంపు. దాని మీద రాసినది చదవగలిగేలా తియ్యి. కింద ఒకబ్బాయికి చూపించాలి" అన్నారు.