తల తిరుగుతుంటే తలే తిప్పమన్నారు: ఒక వెస్టిబ్యులర్ రిహాబ్ సెంటర్ గురించి

రేటింగ్: 5కి 4

వెస్టిబ్యులర్ న్యూరైటిస్, అంటే లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్లే బ్యాలెన్స్ నరం వాచడం. అది వచ్చిన కొత్తలో మంచం దిగలేకపోయాను. గిర్రున తిరగడం తగ్గాక కూడా తూలు మాత్రం పోలేదు. నేను టీచర్‌ని. బోర్డు మీద రాసి క్లాసు వైపు తిరిగిన ప్రతిసారీ పిల్లల ముఖాలు అలుక్కుపోయేవి. తల కదపాలంటేనే టెన్షన్. ఈఎన్‌టీ డాక్టర్ గారే ఈ వెస్టిబ్యులర్ రిహాబ్ సెంటర్‌కి, అంటే వ్యాయామాలతో బ్యాలెన్స్‌ని సరిచేసే చోటికి, పంపారు.

మొదటి రోజు ఫిజియోథెరపిస్ట్ గారు తన ముక్కు మీదే చూపు పెట్టమని, నా తలని రెండు చేతులతో పట్టుకుని చటుక్కున పక్కకి తిప్పారు. ఎడమకి తిప్పితే చూపు నిలిచింది. కుడికి తిప్పితే జారిపోయి, మళ్లీ ఎగిరి ముక్కు మీదకి వచ్చింది. అది వీడియో తీయించి నాకే చూపించారు. నా జబ్బు నా కంటికి కనబడింది ఆ రోజే. అంతకుముందు ఇంట్లోవాళ్లు నీరసం అనుకునేవారు.

తర్వాత వ్యాయామాలు. చేతి దూరంలో ఒక అక్షరం పెట్టుకుని, దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి. అక్షరం చెదరకూడదు. ముందు కూర్చుని, తర్వాత నిలబడి, ఆపైన పాదాలు దగ్గరగా పెట్టి, చివరికి నడుస్తూ. చేస్తుంటే కళ్లు తిరుగుతాయి, తిరగాలి కూడా. తల కదలికకీ చూపుకీ మధ్య వచ్చే తేడాని పట్టుకునే మెదడు కొత్తగా సర్దుకుంటుందట. ఆపాక పావుగంట, ఇరవై నిమిషాల్లో సర్దుకోకపోతే వేగం తగ్గించమన్నారు. ఈ కొలత చెప్పడం నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది. తల తిరగకుండా వేసుకునే మాత్రలు మొదటి కొద్దిరోజులకే మంచివని, ఎక్కువకాలం వాడితే ఈ సర్దుబాటు ఆలస్యమవుతుందని కూడా వివరించారు. ఎలా మానాలన్నది మాత్రం డాక్టర్‌నే అడగమన్నారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, వెయిటింగ్ హాల్లో గళ్ల టైల్స్, మిణుకుమనే ట్యూబ్‌లైటు. బ్యాలెన్స్ పోయినవాళ్లు వచ్చే చోట ఇవి ఉండకూడదు, గట్టిగా చెబుతున్నాను. మధ్యలో మారిన థెరపిస్ట్ నా షీటు చదవకుండానే మెత్తటి ఫోమ్ దిమ్మ మీద నిలబెట్టేశారు. ఆ సాయంత్రమంతా వాంతులు. చెప్పాక వెనక్కి తగ్గించారు, అది నిజమే.

ఇప్పుడు క్లాసులో చకచకా తిరుగుతున్నాను. చీకట్లో మెట్లు దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుంటాను.

మెనియర్స్, అంటే ఉండుండి తల తిరిగే అటాక్‌లు వచ్చే లోపలి చెవి జబ్బు, ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. ఈ వ్యాయామాలు అటాక్‌లని ఆపవు, అటాక్‌ల మధ్య మిగిలే తూలుకే పనికొస్తాయి. పక్కమీద దొర్లినప్పుడు మాత్రమే కొన్ని సెకన్లు తిరిగేవాళ్లకి సమస్య చెవిలో జారిన కాల్షియం రేణువులది కావచ్చు, దానికి తలని ఒక వరసలో తిప్పి ఆ రేణువుల్ని వాటి చోటికి చేర్చే ఎప్లీ పద్ధతి వేరే ఉంది. అందుకే ముందు పరీక్ష చేయించుకోండి. మొదట్లో సెషన్‌కి తోడు ఎవరినైనా తీసుకెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు బండి మీరు నడపొద్దు.